పాత లాప్‌టాప్ స్పీకర్లలో మాట తేటగా వినబడాలంటే

ఈ దినం మనం ఒక చిన్న సంగతిని గూర్చి ఆలోచిద్దాం. చిన్నదే గాని, అనేక గృహాలలో పెద్దవారిని బాధపెడుతున్న సంగతి. "వినబడుతుంది గాని అర్థం కావడం లేదు" అనే మాట మీ ఇంట్లో ఎప్పుడైనా విన్నారా? పాత లాప్‌టాప్‌లో ఒక ప్రసంగమో, వార్తలో, దూరదేశంలో ఉన్న మనుమరాలు మాట్లాడి పంపిన రికార్డింగో పెడతాం. తాతగారు చెవి ఒగ్గి వింటారు. "కొంచెం శబ్దం పెంచమ్మా" అంటారు. పెంచుతాం. ఇంకొంచెం అంటారు. అదీ పెంచుతాం. చివరిదాకా పెంచిన తరువాత "చాల్లే, కట్టెయ్యండి, తల నొప్పి పుడుతుంది" అని లేచి వెళ్లిపోతారు. ఇంట్లోవారు "తాతయ్యకు చెవుడు వచ్చేసింది" అని తీర్మానం చేసేస్తారు. ఆయన ఆ పెట్టె దగ్గరికి రావడం మానేస్తారు. నలుగురు కూర్చుని వినే చోట ఒకరు తగ్గిపోయారు.

ప్రియులారా, ఆ తీర్మానం చేయక ముందు ఆ లాప్‌టాప్‌ను ఒకసారి పరీక్షించండి. పది పదిహేనేళ్ల క్రితం కొన్న లాప్‌టాప్‌లో శబ్దం పెంచినంత మాత్రాన మాట స్పష్టం కాదు. శబ్దం వేరు, స్పష్టత వేరు. ఒకటి ఎంత గట్టిగా అనే ప్రశ్న, రెండవది ఏ స్వరం ఎంత పాళ్లలో అనే ప్రశ్న. కూరలో ఉప్పు చాలకపోతే కూర ఇంకొక గరిటె వడ్డించినందువల్ల రుచి రాదు గదా!

మొదట శబ్దం సంగతి కొంచెం తెలుసుకోవాలి. శబ్దం అంటే గాలిలో కలిగే కంపనం. ఆ కంపనం ఒక సెకనుకు ఎన్నిసార్లు జరుగుతుందో హెర్ట్జ్ అనే లెక్కలో చెబుతారు. మంచి వినికిడి ఉన్న యౌవనస్థులు సుమారు 20 హెర్ట్జ్ మొదలుకొని 20,000 హెర్ట్జ్ వరకు వినగలరు. పురుషుని గొంతు అడుగు స్వరం సాధారణంగా 100 నుండి 150 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది, స్త్రీలది 200 హెర్ట్జ్‌కు అటూ ఇటూ. దాని మీద వచ్చే అచ్చులు, అనగా ఆ, ఈ, ఓ వంటివి, ఎక్కువగా 300 నుండి 2,500 హెర్ట్జ్ మధ్య రూపు దిద్దుకుంటాయి. మాటలో బలమంతా అచ్చులలోనే ఉంది. అయితే మాట ఏదో గుర్తుపట్టడానికి కావలసినవి హల్లులు. క, చ, త, ప, స, శ వంటి వాటిని ఒకదానినుండి ఒకటి వేరు చేసే సూచనలు ఎక్కువగా 2,000 హెర్ట్జ్ పైన ఉంటాయి. "స" అనే బుసశబ్దం 4,000 దాటి 8,000 దాకా వెళుతుంది. ఇవి బలంలో చాలా తక్కువ, పనిలో చాలా ఎక్కువ.

మన భాషలోనే ఒక ఉదాహరణ చూడండి. కాలు, పాలు, చాలు, తాలు. ఈ నాలుగు మాటలలో తేడా మొదటి హల్లులోనే ఉంది. ఆ హల్లు వినబడకపోతే మిగిలేది "ఆలు" ఒక్కటే. కాళ్లు నొప్పిగా ఉన్నాయని చెబుతున్నారో, పాలు తెమ్మంటున్నారో, ఇక చాలంటున్నారో తెలియదు. వాల్యూమ్ పెంచితే "ఆలు" ఇంకా గట్టిగా వినబడుతుంది, అంతే. వయస్సు పెరిగే కొద్దీ చెవిలో ముందుగా తగ్గేది ఈ పై స్వరాలను పట్టే శక్తి. అడుగు స్వరాలు చాలాకాలం నిలుస్తాయి. అందుకనే పెద్దవారు ఆ మాట అంటారు. వినబడడం నిజం, అర్థం కాకపోవడమూ నిజం. వారు విసుగుతో అంటున్న మాట కాదది, చాలా సరిగ్గా చెబుతున్న సంగతి.

ఇప్పుడు లాప్‌టాప్ వైపు చూద్దాం. దానిలోని స్పీకరు చాలా వాటిలో రూపాయి బిళ్లకంటే కొద్దిగా పెద్దది. ఒక్కోదాని శక్తి ఒకటి రెండు వాట్లకు మించదు. స్పీకరు పొర ముందుకు వెనుకకు కదిలి గాలిని తోస్తేనే శబ్దం పుడుతుంది. అడుగు స్వరాలకు ఎక్కువ గాలిని తోయాలి. లెక్క ఏమిటంటే, అదే గట్టితనం నిలుపుకుంటూ స్వరం సగానికి దిగితే పొర నాలుగింతలు కదలాలి. 400 హెర్ట్జ్ నుండి 200కు వస్తే నాలుగింతలు, 100కు వస్తే పదహారింతలు. ఆ చిన్న పొరకు అంత చోటు ఎక్కడుంది? అందువలన 200 హెర్ట్జ్ కింద ఈ స్పీకర్లు దాదాపు పలకవు. బలవంతం చేస్తే బొంగురుపోతాయి, మూత బిగువు వదిలిన చోట గరగరమంటాయి.

ఇక్కడ ఒకరు అడగవచ్చు: పురుషుని గొంతు 120 హెర్ట్జ్ అన్నారు, స్పీకరు 200 కింద పలకదన్నారు, మరి గొంతు ఎలా వినబడుతుంది? మంచి ప్రశ్న. మన గొంతులో అడుగు స్వరంతోపాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు ఉండే స్వరాలు కూడా పుడతాయి. 120తో 240, 360, 480. పైవాటిని వినగానే మన మెదడు కింద లేని 120ని తానే ఊహించి పూరిస్తుంది. పాత ల్యాండ్‌లైన్ టెలిఫోన్‌ను జ్ఞాపకం చేసుకోండి. అది 300 నుండి 3,400 హెర్ట్జ్ వరకే పంపేది. అయినా అన్నయ్య గొంతు అన్నయ్య గొంతులాగే వినబడేది గదా! ఈ సంగతి బాగా జ్ఞాపకముంచుకోండి, ఎందుకంటే మనం చేయబోయే పనికి ఇదే ఆధారం. అడుగు స్వరాలను తీసివేసినా మనిషి గొంతు పోదు.

చాలామంది ఇందుకు విరుద్ధంగా చేస్తారు. లాప్‌టాప్ శబ్దం పీలగా ఉందని బాస్ పెంచుతారు. ఆ స్పీకర్లు పలకలేని స్వరాలను పెంచడం వలన వచ్చే లాభం ఏమీ లేదు, నష్టం మాత్రం ఉంది. ఉన్న కొద్ది శక్తీ ఆ పలకని స్వరాలకు ఖర్చయిపోతుంది, పొర వణుకుతుంది, ఆ వణుకుతో హల్లులు చెడిపోతాయి. సినిమా పాటలకు సంగతి వేరేమో గాని, మాట వినడానికి బాస్ బూస్ట్ అనే దానిని నేను సిఫారసు చేయను.

ట్రెబుల్, బాస్ అనే రెండు మీటలు మన పాత రేడియోలలో, టేప్ రికార్డర్లలో చూశాం. ఆ రెండు మీటలను ఒకదానితో ఒకటి తగువు పడకుండా పనిచేయించిన ప్రసిద్ధమైన ఏర్పాటును ఇంగ్లండుకు చెందిన పీటర్ బాక్సండాల్ అనే ఇంజనీరు 1952లో వైర్‌లెస్ వరల్డ్ అనే పత్రికలో ప్రచురించాడు. ఆ తరువాత ఎన్నో కంపెనీల యంత్రాలలో అదే ఏర్పాటు కనబడింది. లాప్‌టాప్‌లో ఆ మీటలు పైకి కనబడవు గాని లోపల ఉన్నాయి. ఎక్కడున్నాయో వెదకాలి.

మీ లాప్‌టాప్ 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో నడుస్తున్నదైతే, కింద కుడివైపు మూలన ఉన్న స్పీకర్ బొమ్మ మీద రెండుసార్లు నొక్కండి. వాల్యూమ్ కంట్రోల్ కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ కంట్రోల్స్ అనే దానికి టిక్కు పెడితే, మొదటి వరుస అడుగున అడ్వాన్స్‌డ్ అనే బటన్ కొత్తగా కనబడుతుంది. దానిలోపల బాస్, ట్రెబుల్ అనే రెండు జారుడు మీటలుంటాయి. సౌండ్ కార్డుకు ఆ శక్తి లేకపోతే అవి బూడిదరంగులో ఉండి కదలవు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ వారి సహాయం 2014 ఏప్రిల్‌తో ఆగిపోయింది గనుక దానిని ఇంటర్నెట్‌కు కలపకుండా, పెన్‌డ్రైవ్‌లో తెచ్చినవి వినడానికి మాత్రమే ఉంచుకోవడం మంచిది.

విండోస్ 7లోనైతే ఆ స్పీకర్ బొమ్మ మీద మౌసు కుడి బటన్ నొక్కి ప్లేబ్యాక్ డివైసెస్ ఎంచుకోండి. విండోస్ 10లో సౌండ్స్ అని ఉంటుంది, దానిలో ప్లేబ్యాక్ అనే భాగానికి వెళ్లాలి. స్పీకర్స్ అనేదానిని ఎంచుకొని ప్రాపర్టీస్ నొక్కితే, చాలా లాప్‌టాప్‌లలో ఎన్‌హాన్స్‌మెంట్స్ అనే ఒక పుట కనబడుతుంది. అందులో బాస్ బూస్ట్, వర్చువల్ సరౌండ్, రూమ్ కరెక్షన్, లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ అని నాలుగు సంగతులు సాధారణంగా ఉంటాయి. మొదటి మూడింటికి టిక్కు ఉంటే తీసివేయండి. నాలుగవది మాత్రం మాటకు పనికొస్తుంది. బోధకుడు ఒకసారి మెల్లగా, ఒకసారి ఉద్రేకంతో మాట్లాడుతుంటాడు. మెల్లగా అన్న మాటను కొంచెం పైకి, కేక వేసినదానిని కొంచెం కిందకు తెచ్చి రెండింటినీ దగ్గర చేయడం దాని పని. వినే పెద్దవారికి ఇది గొప్ప ఉపశమనం, ఎందుకంటే వినికిడి తగ్గినవారిలో అనేకులకు మెల్లని మాట వినబడదు, గట్టి మాట భరించలేరు. ఆ రెంటికీ మధ్య చోటు ఇరుకైపోయింది.

కొన్ని లాప్‌టాప్‌లలో రియల్‌టెక్ వారి ఆడియో మేనేజర్ అనే వేరొక ఏర్పాటు ఉంటుంది. దానిలో ఎన్విరాన్‌మెంట్ అనే పట్టీని తప్పక చూడండి. బాత్రూమ్, రాతి వసారా, ఆడిటోరియం ఇలాంటి పేర్లుంటాయి. ఆడుకునే పిల్లలెవరో ఏ రోజో దానిలో బాత్రూమ్ ఎంచుకొని వదిలేసి ఉంటారు. అప్పటినుండి ఆ ఇంట్లో వార్తలు చదివేవారు, పాటలు పాడేవారు, ప్రసంగించేవారు అందరూ స్నానాల గదిలోనుండే మాట్లాడుతుంటారు! దానిని "ఏదీ వద్దు" అన్న స్థితికి తీసుకురండి. సగం రోగం అక్కడే కుదురుతుంది.

ఇప్పుడు అసలు పనిముట్టు దగ్గరికి వద్దాం. అది ఈక్వలైజర్. రెండు మీటలకు బదులు పది మీటలు. ఖర్చు లేకుండా దొరికే వీఎల్‌సీ ప్లేయర్‌లో ఇది ఉంది. పారిస్‌లోని ఒక ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు 1996లో మొదలుపెట్టిన పని అది, 2001 నుండి అందరికీ ఉచితం. దాని మూడవ తరం ఎక్స్‌పీ మీద కూడా నడుస్తుంది గనుక పాత లాప్‌టాప్ వారికి తగినది. దానిలో టూల్స్ అనే చోట నొక్కి, ఎఫెక్ట్స్ అండ్ ఫిల్టర్స్ ఎంచుకోండి. ఆడియో ఎఫెక్ట్స్‌లో గ్రాఫిక్ ఈక్వలైజర్ ఉంటుంది. ముందుగా ఎనేబుల్ అనే దగ్గర టిక్కు పెట్టాలి, లేకపోతే ఎన్ని మీటలు జరిపినా ఏమీ జరగదు. వరుసగా 60, 170, 310, 600, తరువాత 1, 3, 6, 12, 14, 16 వేల హెర్ట్జ్ అనే మీటలు కనబడతాయి. ఎడమ చివర ప్రీఆంప్ అనే మీట వేరుగా ఉంటుంది.

ఈ మీటల మీది అంకెలు డెసిబెల్స్. 3 డెసిబెల్స్ పెంచితే శక్తి రెండింతలవుతుంది. 10 పెంచితే శక్తి పదింతలు, అయినా మన చెవికి సుమారు రెండింతలు గట్టిగా మాత్రమే తోస్తుంది. కాబట్టి మీటను చివరిదాకా తోయకండి. 3, 4 డెసిబెల్స్ మార్పు చాలా మార్పే.

ఇంకొక సంగతి. కంప్యూటరులో శబ్దానికి ఒక పైకప్పు ఉంది. రికార్డింగు అప్పటికే ఆ పైకప్పు దగ్గరలో ఉంటే, ఏ మీటను పెంచినా తరంగం తల కప్పుకు కొట్టుకొని తెగిపోతుంది. దానినే క్లిప్పింగ్ అంటారు. వినడానికి చిరిగిన గుడ్డలాగా బరబరమంటుంది. అందుకు ఒక నియమం పెట్టుకోండి: ఏ మీటను ఎంత పెంచుతారో ప్రీఆంప్‌ను కనీసం అంత తగ్గించండి. తగ్గిన గట్టితనాన్ని విండోస్ వాల్యూమ్‌లో తిరిగి పెంచుకోవచ్చు. పెంచడంకంటే తగ్గించడంతో మొదలుపెట్టడం ఇంకా మంచిది. వీఎల్‌సీలో వాల్యూమ్ 100 దాటి 125 దాకా వెళుతుంది. ఆ 100 తరువాతిదంతా అరువు తెచ్చుకున్న గట్టితనమే. చాలా మెల్లగా రికార్డు చేసినదానికి తప్ప అక్కడికి వెళ్లకండి.

ఇప్పుడు మీటలు జరుపుదాం. మీకు బాగా తెలిసిన ఒకరి గొంతు ఉన్న రికార్డింగు పెట్టండి. సంగీతం కలవనిది అయితే మంచిది. అన్ని మీటలు సున్నా దగ్గర ఉంచి ఒక నిమిషం వినండి. తరువాత 60 మీటను బాగా కిందికి దించండి, 10 డెసిబెల్స్ అయినా ఫరవాలేదు. 170 మీటను 5, 6 దించండి. గొంతు మారిందా? మారదు, లేదా చాలా కొద్దిగా మారుతుంది. ఎందుకు మారదో ముందే చెప్పుకున్నాం. అయితే గరగర తగ్గిందేమో గమనించండి. తరువాత 310 చూడండి. మాట డబ్బాలోనుండి వస్తున్నట్టు, కుండలో మాట్లాడినట్టు ఉంటే దోషం తరచుగా ఇక్కడే, కొన్నిసార్లు 600లో. రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి చూడండి. ఎక్కువ తగ్గిస్తే గొంతులో మనిషితనం పోయి రేకు మీద గీసినట్టవుతుంది గనుక ఇక్కడ చేయి ఆచితూచి కదపాలి.

తరువాత 3,000 మీట. ఈ వ్యాసమంతటిలో ముఖ్యమైన మీట ఇదే. హల్లుల సూచనలు ఇక్కడికి చుట్టుపక్కలే ఎక్కువగా ఉన్నాయి. 3 లేక 4 డెసిబెల్స్ పెంచండి, ప్రీఆంప్‌ను అంతే తగ్గించండి. కాలు, పాలు, చాలు విడివిడిగా నిలబడతాయి. ఆ తరువాత 6,000 మీటను ఒకటి రెండు పెంచి చూడండి. "స", "శ" చెవిలో సూదిలా గుచ్చుకుంటే వెనుకకు తీసుకోండి. 12,000 పైనున్న మూడు మీటలను ఊరకే వదిలేయండి. మాటకు వాటితో పని తక్కువ, పెద్దవారి చెవికి అవి అందవు.

విండోస్ మీడియా ప్లేయర్ వాడేవారికి మీటల అంకెలు వేరుగా ఉంటాయి. అక్కడ 2,000, 4,000 అని రెండు మీటలు మన 3,000 పని చేస్తాయి. రెండింటినీ కలిపి కొద్దిగా పెంచండి. ఆపిల్ వారి ఐట్యూన్స్‌లోనైతే స్పోకెన్ వర్డ్, స్మాల్ స్పీకర్స్ అనే ముందుగా సిద్ధపరచిన అమరికలే ఉన్నాయి. మాటకు మొదటిదానినే నేను ముందు ప్రయత్నిస్తాను. ఏది వాడినా ఒకేచోట వాడండి. రియల్‌టెక్‌లో ఒక ఈక్వలైజర్, ప్లేయర్‌లో మరొకటి పెడితే ఒకటి కట్టినదానిని మరొకటి విప్పుతుంది.

సరి చేసేటప్పుడు వాల్యూమ్ ఎంతలో ఉండాలి? తరువాత ఎంతలో వింటారో అంతలోనే. మన చెవి మెల్లని శబ్దంలో అడుగు స్వరాలను, బాగా పై స్వరాలను తక్కువగా పట్టుకుంటుంది. శబ్దం పెరిగే కొద్దీ ఆ తేడా తగ్గుతుంది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లో ఈ సంగతిని కొలిచి గీతలు గీసి చూపించారు. గట్టిగా పెట్టి సరిచేసినది మెల్లగా పెడితే వేరొకలా వినబడుతుంది.

అంతకంటె ముఖ్యం, సరి చేసేది ఎవరి చెవితో? ఇంట్లో కంప్యూటరు తెలిసినది మనుమడికి. అతని చెవి 20 ఏళ్ల చెవి. అతనికి బాగున్నది అమ్మమ్మగారికి మూగగా ఉండవచ్చు, ఆమెకు తేటగా ఉన్నది అతనికి పదునుగా ఉండవచ్చు. మీటలు అతడు జరపాలి, తీర్పు ఆమె చెప్పాలి. ఆమెను లాప్‌టాప్‌కు ఎదురుగా, నిత్యం కూర్చునేచోటే కూర్చోబెట్టండి. "బాగుందా?" అని అడగకండి. పిల్లవాడు కష్టపడుతున్నాడని బాగుందనే అంటారు. ఒక వాక్యం వినిపించి ఆపి, "ఏమన్నారు?" అని అడగండి. చెప్పగలిగితే కుదిరినట్టు. ఊరి పేర్లు, మనుషుల పేర్లు, అంకెలు ఉన్న వాక్యాలు ఇందుకు మంచివి, ఎందుకంటే వాటిని సందర్భాన్ని బట్టి ఊహించలేరు.

ఇంతవరకు మీటల సంగతి. మీటలు ముట్టకుండా కూడా కొంత మేలు జరుగుతుంది. మీ లాప్‌టాప్ స్పీకర్లు ఎక్కడున్నాయో తిప్పి చూడండి. చాలా వాటిలో అవి అడుగున, ముందు అంచు దగ్గర నేలవైపు చూస్తూ ఉంటాయి. అలాంటిదానిని పరుపు మీద, దుప్పటి మీద, ఒడిలో పెడితే పై స్వరాలను గుడ్డ మింగేస్తుంది. అనగా హల్లులు పోతాయి. గట్టి బల్ల మీద పెట్టండి, చెక్క పలకైనా, వెడల్పాటి పీటైనా సరే. బల్లకు తగిలి శబ్దం మనవైపు వస్తుంది. స్పీకరు రంధ్రాలలో దుమ్ము పేరుకొని ఉంటే లాప్‌టాప్ ఆపివేసి, మెత్తని పొడి బ్రష్షుతో తుడవండి. సూదితో పొడవకండి, లోపలి పొర చిరుగుతుంది. నీళ్లు, నూనె అసలే వద్దు.

మన ఇళ్లలో ఇంకొక శత్రువు పైన తిరుగుతూ ఉంటుంది. సీలింగ్ ఫ్యాన్ 5లో ఉంటే దాని గాలి హోరు బలహీనమైన హల్లులను కప్పేస్తుంది. దానిని 2కు తగ్గించి వినండి. ఎండాకాలంలో కష్టమే, నాకు తెలుసు. అప్పుడు లాప్‌టాప్‌ను దగ్గరికి జరపండి. అడ్డు లేని చోట దూరం రెండింతలైతే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది, సగం దూరానికి వస్తే అంత పెరుగుతుంది. గదిలో గోడల వలన ఈ తేడా కొంత తగ్గినా, దగ్గరగా కూర్చోవడానికి సాటి వచ్చే మీట ఏదీ లేదు.

రెండు స్పీకర్లలో ఒకటి చచ్చిపోయిన లాప్‌టాప్‌లు కూడా చాలా ఉన్నాయి. ఇద్దరు మాట్లాడుకునే రికార్డింగులో ఒకరి గొంతు ఒక ప్రక్క, రెండవవారిది మరొక ప్రక్క ఉంటే, ఒకరు అడుగుతున్నట్టే ఉంటుంది, జవాబు రాదు. విండోస్ 10లో సెట్టింగ్స్‌లోని ఈజ్ ఆఫ్ యాక్సెస్‌లో ఆడియో అనే చోట మోనో అనే మీట ఉంది. దానిని వేస్తే రెండు ప్రక్కలవీ కలిసి మిగిలిన స్పీకరులోనుండి వస్తాయి. విండోస్ 10కి కూడా మైక్రోసాఫ్ట్ వారి సాధారణ సహాయం 2025 అక్టోబరుతో ముగిసింది, అయినా ఈ మీటలన్నీ ఎప్పటిలాగే పనిచేస్తాయి.

పాత రేడియో కార్యక్రమాలను, క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించుకొని వినే మన శ్రోతలకు ఒక ప్రత్యేకమైన మాట. మీడియం వేవ్ స్టేషన్లను మన ప్రాంతాలలో 9 కిలోహెర్ట్జ్ ఎడంతో అమర్చారు. విజయవాడ 837 కిలోహెర్ట్జ్, హైదరాబాదు 738, ఈ అంకెలు చూడండి, రెండూ తొమ్మిదితో భాగించబడతాయి. అవి ప్రసార తరంగాల అంకెలు, మనం మాట్లాడుకుంటున్న స్వరాల అంకెలు కావు, రెంటినీ కలపకండి. ఆ 9లో సగం మాత్రమే స్వరానికి నిజంగా చోటు గనుక, అలా రికార్డు చేసినదానిలో సుమారు 4,500 హెర్ట్జ్ పైన ఉపయోగపడేది ఏమీ ఉండదు, హోరు తప్ప. అలాంటి రికార్డింగులకు 3,000 మీట పెంచండి, 6,000 నుండి పై మీటలన్నీ దించేయండి. క్యాసెట్ల బుస కూడా అక్కడే తగ్గుతుంది. ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. రికార్డింగులో లేని స్వరాన్ని ఏ ఈక్వలైజరూ పుట్టించలేదు. టేప్ రికార్డరు హెడ్ మురికిగా ఉన్నప్పుడు ఎక్కించినదైతే పై స్వరాలు అప్పుడే పోయాయి. అసలు క్యాసెట్ ఇంకా ఉంటే, హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో శుభ్రపరచి మళ్లీ ఎక్కించండి. మీటలతో గంటసేపు పెనుగులాడడంకంటే ఇది మేలు.

ఈ స్పీకర్లకు ఒక హద్దు కూడా ఉంది. ఇద్దరు ముగ్గురికి సరే. ఇరవైమంది కూర్చున్న ఇంటి కూటంలో లాప్‌టాప్ సొంత స్పీకర్లతో వినిపించాలని చూస్తే వెనుకవారికి ఏమీ అందదు, ముందువారికి గరగర అందుతుంది. అక్కడ హెడ్‌ఫోన్ రంధ్రంలో వైరు పెట్టి బయటి స్పీకరుకు కలపండి. చిన్నదైనా సరే, పెట్టెలాంటి స్పీకరు కావాలి. అప్పుడు మనం దించిన 60, 170 మీటలను తిరిగి సున్నాకు తెచ్చుకోవాలి, అవి ఆ చిన్న స్పీకర్ల కోసం దించినవి గనుక.

అలాగే, ఇవన్నీ చేసినా, ఎదురుగా కూర్చున్న మనిషి మాట కూడా అర్థం కావడం లేదని వారు చెబితే అది లాప్‌టాప్ సంగతి కాదు. చెవి, ముక్కు, గొంతు వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లి వినికిడి పరీక్ష చేయించండి. కొన్నిసార్లు చెవిలో గట్టిపడిన గుబిలి తీస్తే చాలు. ఒక చెవి అకస్మాత్తుగా ఒకటి రెండు రోజులలో వినబడకుండా పోతే మాత్రం ఆలస్యం చేయవద్దు, అది వెంటనే చూపించవలసిన సంగతి.

చివరిగా, కుదిరిన అమరికను భద్రపరచుకోవడం మరువకండి. వీఎల్‌సీలో ఆ కిటికీ అడుగున సేవ్ అనే బటన్ ఉంది. దానిని నొక్కకపోతే రేపు మళ్లీ మొదటికి వస్తుంది. అంకెలను ఒక చీటీ మీద కూడా రాసుకోండి: 60 దగ్గర ఎంత, 170 దగ్గర ఎంత, 3,000 దగ్గర ఎంత, ప్రీఆంప్ ఎంత. ఆ చీటీని లాప్‌టాప్ అడుగున, గాలి రంధ్రాలకు, స్పీకర్లకు అడ్డు రాకుండా టేపు వేసి అంటించండి. పండుగకు వచ్చిన పిల్లలు పాటల కోసం అన్నీ మార్చేసి వెళ్లినా, అమ్మమ్మగారు ఎవరినైనా పిలిచి "ఇదిగో, ఇందులో రాసినట్టు పెట్టు" అని చెప్పగలుగుతారు.